లాజరు లేచిన చోట క్రీస్తు దేహం

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఎర్ర సుద్దతో గీసిన ఒక కాగితం ఉంది. దాని మీద రెంబ్రాంట్ పేరు, 1630 అన్న సంవత్సరం ఉన్నాయి. క్రీస్తు దేహాన్ని సమాధిలోకి దించుతున్న దృశ్యం అది. కాస్త నిదానంగా చూస్తే అడుగున ఇంకో బొమ్మ తేలుతుంది. మొదట ఆ కాగితం మీద ఉన్నది సమాధి చేయడం కాదు, సమాధిలోంచి లేవడం. యోహాను సువార్త పదకొండో అధ్యాయంలో, చనిపోయి నాలుగు రోజులైన లాజరును క్రీస్తు పిలిస్తే లేచి వచ్చిన ఘట్టం. చిత్రకారుడు ఆ బొమ్మ మీదే మళ్ళీ సుద్ద పట్టాడు. లేస్తున్న మనిషి ఉన్నచోట, కిందికి దించుతున్న దేహాన్ని గీశాడు. ఒకే గొయ్యి, ఒకే కాగితం. కథ మాత్రం తలకిందులైంది.

ఇదే అమరికతో ఒక తైలవర్ణ చిత్రం ఇంగ్లండ్‌లోని బ్రైటన్ మ్యూజియంలో ఉంది. దాన్ని వేసింది రెంబ్రాంట్ కాదు, అతని సావాసగాడు యాన్ లీవెన్స్. సమాధి అంచు దాటి పైకి లేచిన రెండు చేతులు తప్ప అందులో లాజరు కనిపించడు. పైన నిలబడ్డ క్రీస్తు ప్రార్థిస్తున్నాడు. ఒళ్ళు గగుర్పొడిచే బొమ్మ అది. దాని మీద ఉన్న సంవత్సరం 1631.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. రెంబ్రాంట్ స్నేహితుడి చిత్రాన్ని చూసి గీసుకుంటే, నకలు మీద అసలు కంటే ముందటి ఏడాది ఎలా పడింది? 1630 అన్నది తర్వాతెప్పుడో గుర్తున్నంత మేరకు వేసుకున్న తేదీ కావచ్చు. లీవెన్స్ తన చిత్రాన్ని అంతకు ముందే మొదలుపెట్టి ఉండవచ్చు. లేదా ఆ ఊహే రెంబ్రాంట్‌ది, లీవెన్స్ దాన్ని అందుకున్నాడు అనుకోవచ్చు. మూడు వాదాలకూ పండితులున్నారు. ఈ ఇద్దరికీ వయసులో ఏడాది తేడా. లైడెన్ నగరంలో పక్కపక్కనే పనిచేసేవారు. కవి, రాజకార్యదర్శి కాన్‌స్టాంటైన్ హొయ్‌గెన్స్ 1629 ప్రాంతంలో వీళ్ళ పని చూసి, భావం పలికించడంలో రెంబ్రాంట్‌ది, ఊహలోని సాహసంలో లీవెన్స్‌ది పైచేయి అని రాసుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత, 1656లో రెంబ్రాంట్ దివాలా తీసినప్పుడు ఇంటి సామాను జాబితా రాశారు. అందులో లీవెన్స్ వేసిన లాజరు చిత్రం ఒకటుంది. అంటే ఆ బొమ్మ అతని గోడ మీదే ఉండేదన్నమాట.

పాత డ్రాయింగు ఎవరిదో తేల్చే పనిలో రెండు ప్రశ్నలు ఎప్పుడూ కలగలిసిపోతాయి. గీసిన చెయ్యి ఎవరిది? పుట్టించిన ఆలోచన ఎవరిది? ఈ రెంటినీ విడదీసి, ప్రతి జవాబుకూ కారణం చూపించే వరకు కాగితం కింద పేరు రాయకూడదని ఈ కాలమిస్టు నమ్మకం. పేరు రాయడం తేలిక. ఒకసారి రాసిన పేరును తుడిపేయడానికి మాత్రం తరాలు పడుతుంది.

భక్తి, మరణం ఇతివృత్తాలుగా ఉన్న డ్రాయింగుల్లో ఈ పని మరీ కష్టం. అయిదారు వందల ఏళ్ళు యూరప్‌లో చర్చి అడిగింది ఆ కొన్ని కథలే: శిలువ వేయడం, శిలువ మీదినుంచి దేహాన్ని దించడం, తల్లి ఒడిలో కొడుకు శవం, సమాధి చేయడం, బాణాలు గుచ్చుకున్న సెయింట్ సెబాస్టియన్. ప్రతి చిత్రశాలా వీటినే గీసింది. గురువు గీసిన కాగితాన్ని శిష్యుడు చూసి గీయడమే చదువు. పైగా డ్రాయింగు అన్నది గోడకు తగిలించుకునే వస్తువు కాదు, పనిముట్టు. దాని మీద గళ్ళు గీసి పెద్ద బొమ్మకు ఎక్కించారు, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి బొగ్గుపొడి అద్దారు, చిరిగితే అతికించారు. సంతకం పెట్టవలసిన అవసరమే చాలామందికి రాలేదు. ఇవాళ వాటి మీద కనిపించే పేర్లలో ఎక్కువ భాగం తర్వాతి సేకర్తల చేతిరాత.

ఆ సేకర్తలు కూడా సామాన్యులు కారు. చిత్రకారుల జీవితాలు రాసిన వసారీ తాను పోగేసిన డ్రాయింగులను పుస్తకంలో అతికించి, చుట్టూ తన చేత్తో చట్రాలు గీసేవాడు. 17వ శతాబ్దం రోములో సెబాస్టియానో రెస్తా అనే మతగురువు వేల డ్రాయింగులు కూడబెట్టాడు. పేర్లు పంచడంలో ఆయనది మహా ఉదారమైన చెయ్యి. మామూలు కాగితానికి కూడా మహామహుల పేర్లు తగిలించాడు. అయినా ఆయన రాతలను పారేయకూడదు. ఆ కాగితం ఏ కాలంలో ఎవరి దగ్గర ఉందో అవి చెబుతాయి. సేకర్తలు వేసుకున్న చిన్న చిన్న ముద్రలన్నిటినీ గుర్తుపట్టడానికి ఫ్రిట్స్ లుగ్ట్ 1921లో అచ్చువేసిన ముద్రల నిఘంటువు ఈనాటికీ ఈ వృత్తిలో ఉన్నవారి బల్ల మీద ఉంటుంది.

చేతిని గుర్తుపట్టడానికి ఒక పద్ధతి కావాలని పట్టుబట్టినవాడు జొవాన్నీ మొరెల్లి. వైద్యం చదువుకున్న ఈ ఇటాలియన్, 1870లలో ఇవాన్ లెర్మోలియెఫ్ అనే రష్యన్ మారుపేరుతో రాసి మ్యూజియంలను కుదిపేశాడు. ముఖంలోని భావం, దేహం నిలబడే తీరు ఎవరైనా అనుకరిస్తారు. చెవి తమ్మె, గోరు, వేలి చివర లాంటి చోట్ల చిత్రకారుడు ఆలోచించకుండా గీస్తాడు కాబట్టి అక్కడ చూడండి అన్నాడు. రంగుల చిత్రాలకు ఆ పద్ధతి బాగా పనికొచ్చింది. డ్రాయింగు దగ్గరకొచ్చేసరికి మాత్రం అంతగా సాయపడదు. హడావుడిగా గీసిన కాగితంలో చెవి అంటే ఒక కొక్కెం, చెయ్యి అంటే నాలుగు గీతలు.

డ్రాయింగులో చూడవలసింది చెవి కాదు, తడబాటు. నకలు గీసేవాడికి జవాబు ముందే తెలుసు. పలక మీద పంతులు రాసిన అక్షరాలు దిద్దే పిల్లవాడిలా అంచు తప్పకుండా, ఒకే ఒత్తిడితో పోతాడు. పుట్టిస్తున్నవాడు వెతుకుతాడు. ఒక భుజానికి మూడు గీతలు వేసి, నాలుగోది నొక్కి గీస్తాడు. తల ఎటు తిప్పాలో తేలక రెండు తలలు గీస్తాడు. అవసరం లేనిచోట పూర్తిచేయకుండా వదిలేస్తాడు. ఆ బ్రిటిష్ మ్యూజియం కాగితం మీద నమ్మకం కలగడానికి సంతకం కారణం కాదు. లాజరును క్రీస్తుగా మార్చిన ధైర్యమే కారణం.

ఇది బోధపడాలంటే రఫాయెల్ దగ్గరకు వెళ్ళాలి. పెరూజా నగరంలో బల్యోని కుటుంబం 1500లో తమలో తాము కత్తులు దూసుకుంది. ఆ నెత్తుటిలో గ్రిఫొనెత్తో అనే యువకుడు చనిపోయాడు. అతని తల్లి అతలాంతా కొడుకు జ్ఞాపకంగా కుటుంబ ప్రార్థనాస్థలానికి ఒక చిత్రం అడిగింది. రఫాయెల్ దాన్ని 1507లో పూర్తిచేసి, సంతకం, తేదీ వేశాడు. ఇప్పుడది రోములోని బోర్గేసే గ్యాలరీలో ఉంది. కొడుకు దేహాన్ని సమాధికి మోసుకుపోతున్నారు, తల్లి సొమ్మసిల్లి పడిపోతోంది. ఆ చిత్రం కోసం గీసిన కాగితాలు ఆక్స్‌ఫర్డ్, లండన్, పారిస్, ఫ్లారెన్స్ నగరాల్లో మిగిలాయి. అదృష్టమనే చెప్పాలి.

వాటిని వరసగా పెట్టి చూస్తే ఒక మనసు పనిచేస్తున్న తీరు కనబడుతుంది. మొదట్లో రఫాయెల్ అనుకున్నది మోసుకుపోవడం కాదు. తన గురువు పెరుగినో చిత్రంలో లాగా నేల మీద పడుకోబెట్టిన దేహం చుట్టూ కూర్చుని ఏడవడం. ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలోని కాగితం ఆ దశది. తర్వాత ఆలోచన లేచి నిలబడింది. పురాతన రోమన్ శవపేటికల మీద వీరుడు మెలియాగర్ శవాన్ని మోసుకెళ్ళే శిల్పాలను, ఫ్లారెన్స్‌లో మైకెలాంజెలో పనిని చూసిన రఫాయెల్, శోకాన్ని నడకగా మార్చాడు. శవం బరువుకు వెనక్కి వాలిన ఇద్దరు మనుషులు వచ్చారు. బ్రిటిష్ మ్యూజియంలోని మరో కాగితం మీద సొమ్మసిల్లే తల్లిని గీయడానికి ముందు ఆమె లోపలి అస్థిపంజరాన్ని గీశాడు. స్పృహ తప్పిన ఒళ్ళు ఎముకల దగ్గర ఎలా వదులవుతుందో తెలుసుకున్నాకే దాని మీద బట్ట కప్పాడు. ఏ నకలుగాడికీ ఆ ఎముకలతో పని ఉండదు. ఫ్లారెన్స్‌లోని చివరి కాగితం మీద గళ్ళు గీసి ఉన్నాయి. ఇక రంగుల పలక మీదికి ఎక్కించడమే తరువాయి.

ఒక్క కాగితాన్ని విడిగా చూసి తీర్పు చెప్పేవారి మీద ఈ కాలమిస్టుకు అపనమ్మకం కలగడానికి కారణం ఆ వరసే. శోకించే గుంపు గీసిన కాగితం ఒక్కటే మిగిలి ఉంటే, దాన్ని పెరుగినో శిష్యుల్లో ఎవరో ఒకరిదని సర్దేయడానికి ఆస్కారం ఉండేది.

చెయ్యి కొన్నిసార్లు తన గుర్తును దాచుకోలేదు. నికొలా పూసాఁ వృద్ధాప్యంలో చేతివణుకుతో బాధపడ్డాడు. అవసాన సంస్కారం లాంటి గంభీరమైన విషయాలు గీసిన ఆ చెయ్యే చివరి ఏళ్ళలో గీతను తిన్నగా లాగలేకపోయింది. ఆ వణికిన గీతలు ఇవాళ కాలనిర్ణయానికి ఆధారం. లియొనార్డో ఎడమచేతివాటం. నీడ కోసం వేసే వాలుగీతలు పై ఎడమ నుంచి కింది కుడికి జారుతాయి; కుడిచేతివాళ్ళవి సాధారణంగా దానికి ఎదురు. 2016లో ఒక విశ్రాంత వైద్యుడు పారిస్‌లోని తజాఁ వేలంశాలకు పద్నాలుగు డ్రాయింగులు పట్టుకొచ్చారు. అవి తండ్రి దగ్గరనుంచి వచ్చినవి. వాటిలో చెట్టుకు కట్టేసిన సెయింట్ సెబాస్టియన్ ఒకటి. వాలుగీతలు ఎడమచేతివి. కాగితం తిప్పితే వెనక కొవ్వొత్తి వెలుగు, నీడల మీద శాస్త్రీయ రేఖాచిత్రాలు, కుడి నుంచి ఎడమకు నడిచే రాత. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం నిపుణురాలు కార్మెన్ బంబాక్ అది లియొనార్డోదేనన్నారు. అప్పటి అంచనా విలువ ఒకటిన్నర కోట్ల యూరోలు. ఫ్రాన్స్ దాన్ని జాతీయ సంపదగా ప్రకటించింది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఎర్ర సుద్ద బొమ్మ మీద తడి కాగితం పెట్టి నొక్కితే తిరగబడిన అద్దకం దిగుతుంది. చిత్రశాలల్లో ఈ పని తరచూ చేసేవారు. కుడిచేతివాడి గీతలు అప్పుడు ఎడమచేతివాడివిలా వాలతాయి. గీత వాలు చూసి సంబరపడే ముందు, అది గీసిన గీతో అద్దిన గీతో చూడాలి.

కాగితం కూడా సాక్షే. పాత చేతి కాగితాన్ని వెలుతురుకు ఎత్తితే తయారీ జల్లెడ తీగల గీతలు, మధ్యలో కాగితపు మిల్లు నీటిగుర్తు కనిపిస్తాయి. ఛార్ల్ బ్రికె 1907లో పదహారు వేలకు పైగా నీటిగుర్తులను అచ్చువేశాడు. తీగగీతలు లేని నున్నటి కాగితం 1750లకు ముందు యూరప్‌లో లేదు. దాని మీద 16వ శతాబ్దం వాడి డ్రాయింగు ఉండే వీలే లేదు. అమెరికాలో ఒకరు పాత సామాన్ల అమ్మకంలో ముప్పై డాలర్లకు కొన్న మేరీమాత, బాలయేసుల డ్రాయింగు జర్మన్ చిత్రకారుడు డ్యూరర్‌దని తేలడంలో, కాగితంలోని త్రిశూలం, ఉంగరం నీటిగుర్తు ముఖ్యమైన ఆధారమైంది. డ్యూరర్ ఇతర కాగితాల్లోనూ ఆ గుర్తు ఉంది.

అయితే కాగితం సాక్ష్యాన్ని కొనుక్కోవచ్చు కూడా. ఎరిక్ హెబ్‌బర్న్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు పాత కాగితం సంపాదించి, పాత వంటకాల ప్రకారం సిరా కాచి, పెద్దపెద్ద పేర్లతో డ్రాయింగులు గీశాడు. మ్యూజియంలు కొన్నాయి. 1978లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ క్యూరేటర్ కొన్రాడ్ ఒబర్‌హూబర్‌కు ఒక అనుమానం వచ్చింది: వేర్వేరు కళాకారులవని చెబుతున్న రెండు డ్రాయింగులు, రెండు వేర్వేరు సంస్థల్లో ఉన్నవి, ఒకే రకం కాగితం మీద ఉన్నాయేమిటి? అక్కడినుంచి దారం లాగితే డొంకంతా కదిలింది. 1991లో హెబ్‌బర్న్ తన ఆత్మకథలో ఆ పనులన్నీ చెప్పుకున్నాడు. మోసగాడిని కథానాయకుడిని చేసే అలవాటు ఒకటుంది. అది సరికాదు. చనిపోయిన చిత్రకారుడి నోట అతను అనని మాట పెట్టడం అది.

మోసం లేకుండానే పేర్లు పెరిగిపోతాయి. ఒట్టో బెనెష్ 1954 నుంచి 1957 వరకు ఆరు సంపుటాల్లో అచ్చువేసిన రెంబ్రాంట్ డ్రాయింగుల జాబితాలో దాదాపు 1,400 ఉన్నాయి. ఇవాళ నిపుణులు ఒప్పుకునేవి సుమారు సగం. మిగిలినవి ఏమయ్యాయి? ఎక్కడికీ పోలేదు. ఫెర్డినాండ్ బోల్, గోవర్ట్ ఫ్లింక్, ఎక్‌హౌట్, హోగ్‌స్ట్రాటెన్ లాంటి శిష్యులకు దక్కాయి. 2009 చివర్లో లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం గురువు గీసిన కాగితాన్నీ శిష్యుడి కాగితాన్నీ జంటలుగా పక్కపక్కన వేలాడదీసింది. చూడనేర్పడానికి అంతకు మించిన పద్ధతి ఈ కాలమిస్టుకు తెలియదు. జాబితా సగానికి తగ్గిందని కొందరు బాధపడ్డారు. బాధపడవలసింది ఏమీ లేదు. మూడు వందల ఏళ్ళు గురువు పేరు చాటున ఉన్న మనుషులకు వాళ్ళ పని వాళ్ళకు తిరిగి ముట్టింది. అన్నట్టు, ఇదే రెంబ్రాంట్ మొఘల్ సూక్ష్మచిత్రాలను చూసి గీసుకున్న డ్రాయింగులు ఇరవైకి పైగా మిగిలాయి. ఆ భారతీయ చిత్రకారుల పేర్లు తేల్చే పని కూడా అంతే శ్రద్ధతో జరగాలి.

పేరు తేలకుండా ఉండిపోయేవీ ఉంటాయి. పోప్ రెండో జూలియస్ తన సమాధిని 1505లో మైకెలాంజెలోకు అప్పగించాడు. నలభై దాకా విగ్రహాలతో కట్టాలన్న ఆ సమాధి కుదించుకుంటూ వచ్చి, పోప్ పోయిన ముప్పై ఏళ్ళకు పైగా గడిచాక, 1545లో రోములోని సాన్ పియెత్రో ఇన్ విన్‌కొలి చర్చిలో ముగిసింది. దాని తొలి నమూనాగా భావించే ఒక డ్రాయింగు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మ్యూజియం మైకెలాంజెలో పేరే రాసింది. చిత్రశాల మనిషి గీసిన నకలంటూ ఒప్పుకోనివారూ ఉన్నారు. సమాధుల నమూనాల్లో ఈ తగువు సహజం. పోషకుడికి చూపించే కాగితం శుభ్రంగా ఉండాలి, శుభ్రంగా గీస్తే తడబాటు కనబడదు, తడబాటు లేకపోతే చెయ్యి పట్టుబడదు. మైకెలాంజెలో 1564లో చనిపోయే ముందు తన డ్రాయింగులు చాలావాటిని తగలబెట్టాడని వసారీ రాశాడు. వరస తెగిపోయింది.

అదే మైకెలాంజెలో కాగితం ఒకటి న్యూయార్క్‌లో కూపర్ హ్యూవిట్ మ్యూజియం పెట్టెలో అరవై ఏళ్ళు పేరు లేకుండా ఉండిపోయింది. కొమ్మలున్న పెద్ద దీపస్తంభం నమూనా అది. 1942లో మొత్తం అయిదు డ్రాయింగులు కలిపి అరవై డాలర్లకు కొన్నారు. దీపాల నమూనాల్లో పెట్టేశారు. 2002లో స్కాట్లండ్ జాతీయ గ్యాలరీల సంచాలకుడు టిమొతీ క్లిఫర్డ్ ఆ పెట్టె తిరగేస్తూ దాన్ని పట్టుకున్నారు. ఇలాంటివి విన్నప్పుడు ‘కన్ను’ గొప్పదనం గురించి మాట్లాడుకుంటాం. కానీ క్లిఫర్డ్ కన్ను వెనక దశాబ్దాల పాటు తిప్పిన కాగితాలున్నాయి. ఆయన ఒక పేరు పలికాక మిగతా నిపుణులు గీత గీతనూ పోల్చి చూడటానికి వీలైంది. మొదటి చూపు నుంచి పుట్టేది అనుమానమే. రుజువు తర్వాత రావాలి.

మన దేశంలో ఈ పనికి దొరికిన అతి గొప్ప ఆధారం ఒక అస్థినిమజ్జనం దగ్గర దొరికింది. హిమాలయ పాదాల్లోని పహాడీ చిత్రాలను చాలాకాలం రాజ్యాల వారీగా విడదీసి, ఇది బసోలి, ఇది కాంగ్రా అనేవారు. బి.ఎన్. గోస్వామి 1968లో మార్గ్ పత్రికలో రాసిన వ్యాసంలో ఆ లెక్క తప్పన్నారు. శైలి రాజ్యానిది కాదు, కుటుంబానిది. చిత్రకారుడు కొలువు మారితే శైలి అతని వెంటే వెళుతుంది అన్నది ఆయన వాదం. దానికి రుజువు ఎక్కడినుంచి తెచ్చారు? హరిద్వార్‌లోని పండాల, అంటే తీర్థపురోహితుల, దస్త్రాల నుంచి. ఎవరు, ఏ ఊరినుంచి, ఎవరి కర్మకు వచ్చారో తరతరాలుగా రాసిపెట్టిన పొడుగాటి పుస్తకాలవి. గయలో ఊరి పేరు, ఇంటి పేరు చెప్పి ముత్తాత వివరాలు తీయించుకున్న తెలుగువాళ్ళకు ఆ పుస్తకాలు పరిచయమే.

జస్రోటా రాజు బల్వంత్ సింగ్ 1763లో చనిపోయాడు. ఆయన్ను ఏళ్ళ తరబడి గీసిన గులేరు చిత్రకారుడు నైన్‌సుఖ్ అస్థికల వెంట హరిద్వార్ వెళ్ళాడు. పండా పుస్తకంలో తన వంశం వివరాలు స్వయంగా రాసి, పక్కన ఒక బొమ్మ కూడా గీశాడు. తేదీ ఉంది, తండ్రి తాతల పేర్లున్నాయి, తన చేతి గీత ఉంది. మూడూ ఒకే పుటలో. మైకెలాంజెలో విషయంలో కూడా ఇంత స్పష్టమైన సాక్ష్యం అరుదు. గోస్వామి చేసింది కంటితో ఊహించడం కాదు. యాత్రాస్థలాల్లో కూర్చుని, టాక్రీ లిపి చదివి, ఒక్కో వంశాన్ని కూడగట్టడం. ప్రపంచంలో ఎక్కడైనా ఈ వృత్తిలో ఉన్నవారు నేర్చుకోవలసిన పని అది.

పాత బొమ్మలు ఇళ్ళలో ఉన్నవారికి ఒక విన్నపం. దేవుడి పటం కానివ్వండి, తాతల నాటి గీత కానివ్వండి, విదేశంలో పాత సామాన్ల దుకాణంలో కొన్నది కానివ్వండి, చట్రం మార్చేటప్పుడు వెనక అట్టను, దాని మీది చీటీని, పెన్సిలు రాతను, ముద్రను పారేయకండి. అంచులు కత్తిరించకండి. ముందు వైపుతో పాటు వెనక వైపు కూడా ఫోటో తీయించండి. ఎవరి దగ్గరనుంచి వచ్చిందో తెలిసినంత మేరకు విడి కాగితం మీద రాసి పక్కన పెట్టండి. లామినేషన్ మాత్రం చేయించకండి.